నగల పట్టికలో ఒక్కో సెల్ వెనక పని: క్యూటీ డెలిగేట్లు ఏళ్ల తరబడి వాడాక

డెస్క్‌టాప్ ప్రోగ్రాంలో టేబుల్ పెట్టి, దాంట్లో సెల్స్ మనకు కావలసినట్టు గీయించి, మనకు కావలసినట్టు ఎడిట్ చేయించాలంటే క్యూటీ (ప్రోగ్రాంల తెరలు కట్టే లైబ్రరీ) డెలిగేట్లు మంచి సాధనం. ఏళ్లుగా వాడుతున్నాను, ఇంకా వాడతాను. కానీ వాటి డీఫాల్ట్ ప్రవర్తనను మాత్రం ఉన్నదున్నట్టు కస్టమర్ ముందు పెట్టకూడదు. ముఖ్యంగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా కీబోర్డు మీదే చెయ్యి పెట్టుకుని ఎంట్రీలు కొట్టేవాళ్ల ముందు అసలే పెట్టకూడదు.

నేను ఉండేది చెన్నైలో. సౌకార్‌పేటలో హోల్‌సేల్ నగల వ్యాపారం చేసేవాళ్ల కోసం స్టాక్, బిల్లింగ్ ప్రోగ్రాం రాస్తాం. వాడేవాళ్లలో చాలామంది తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్లు. ప్రోగ్రాంలో ఉన్నది ప్రధానంగా ఒకే స్క్రీన్, ఒకే పెద్ద టేబుల్: నగ ఫొటో, పేరు, గ్రాస్ వెయిట్, రాళ్ల బరువు, నెట్ వెయిట్, తరుగు, మజూరీ, హెచ్‌యూఐడీ (హాల్‌మార్క్ నగ మీద ఉండే గుర్తు), ఆ రోజు రేటు, మొత్తం, స్వచ్ఛత లాంటి కాలమ్స్. పైసైడ్‌తో, అంటే పైథాన్‌లోంచి క్యూటీని వాడి రాశాం. ఇందులో ప్రతి కాలమ్‌కీ ఏదో ఒక ప్రత్యేకత ఉంది కాబట్టి డెలిగేట్‌లో ఉన్న మంచీ చెడూ మొత్తం ఈ ఒక్క టేబుల్‌లోనే చూశాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. క్యూటీ 4 వచ్చిన 2005 నుంచి టేబుల్ పని మూడు చేతుల్లో ఉంది. డేటా ఉండేది మోడల్ అనే భాగం దగ్గర, స్క్రోలింగూ సెలక్షనూ వ్యూ అనే భాగం చూసుకుంటుంది, ఒక్కో సెల్‌ని గీయడం, ఎడిటర్ తెరవడం డెలిగేట్ పని. 2008లో వచ్చిన 4.4 నుంచి క్యూస్టైల్డ్‌ఐటమ్‌డెలిగేట్ అనే క్లాసే వాడుతున్నాం. దీంట్లో నాకు బాగా నచ్చింది ఏంటంటే, తెర మీద కనిపించే సెల్ ఉత్త బొమ్మ. లక్ష వరుసలున్నా లక్ష టెక్స్ట్ బాక్సులు ఉండవు. మనం ఎఫ్2 కొట్టినప్పుడో డబుల్ క్లిక్ చేసినప్పుడో ఆ ఒక్క సెల్ మీద నిజమైన ఎడిటర్ పుడుతుంది, పని అవ్వగానే పోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు సెల్‌లో నిజమైన ఎడిటర్‌ని శాశ్వతంగా కూర్చోబెట్టే సెట్‌ఇండెక్స్‌విడ్జెట్ అనే ఫంక్షన్ చూసి, ప్రతి సెల్‌లో ఒక కాంబో బాక్స్ (లిస్టులోంచి ఎంచుకునే పెట్టె) పెట్టేస్తే పనైపోతుంది కదా అనుకుంటారు. పది వరుసలకు పర్లేదు. రోజంతా పెరిగే స్టాక్ టేబుల్‌కి మాత్రం వద్దు. అది మారని కంటెంట్‌కే అని క్యూటీ డాక్యుమెంటేషన్ కూడా చెబుతుంది.

ఇక డీఫాల్ట్‌ల సంగతి. బరువు కాలమ్‌లో డబుల్ (దశాంశ సంఖ్య) విలువ పెట్టి, డెలిగేట్ ఏమీ రాయకుండా వదిలేస్తే, ఎడిట్ చేయబోయినప్పుడు క్యూటీ తనంతట తనే ఒక డబుల్ స్పిన్ బాక్స్ (బాణాలతో అంకెలు పెంచే, తగ్గించే పెట్టె) తెరుస్తుంది. దాని డెసిమల్స్ రెండే. బంగారం తూకం గ్రాముకి మూడు స్థానాల దాకా, అంటే మిల్లీగ్రాము దాకా వెళ్తుంది. 12.346 ఉన్న సెల్ మీద ఎఫ్2 కొట్టి, ఏమీ మార్చకుండా ఎంటర్ కొడితే మోడల్‌లోకి 12.35 వెళ్లిపోతుంది. నాలుగు మిల్లీలు గాలిలోంచి పుట్టుకొస్తాయి. ట్రయల్ వెర్షన్ చూస్తున్న అకౌంటెంట్ గారు దీన్ని రెండో నగ దగ్గరే పట్టేశారు. "బాబూ, నేనేం మార్చలేదు. చూసి ఎంటర్ కొట్టానంతే. తూకం మారిపోయిందేంటి?" అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనది. చూడ్డానికి తెరిచి మూస్తే డేటా మారడం అనేది ఏ టేబుల్‌లోనూ ఉండకూడని గుణం.

చూపించడంలోనూ ఇంతే. డీఫాల్ట్ డెలిగేట్ డబుల్ విలువని ఆరు అంకెల ఖచ్చితత్వానికి కుదించి చూపుతుంది. 12.300 గ్రాములు 12.3 అయిపోతుంది. పన్నెండు లక్షల ముప్పై నాలుగు వేల అయిదు వందల అరవై ఏడు రూపాయల మొత్తం 1.23457ఈ+06 అని సైన్సు పుస్తకంలో లాగా కనిపిస్తుంది. నగల కొట్టులో ఎవరికి చూపిస్తాం దాన్ని? డిస్‌ప్లేటెక్స్ట్ అనే ఫంక్షన్ తిరగరాసి, బరువుకి ఎప్పుడూ మూడు స్థానాలు, డబ్బుకి లక్షల కామాలు వచ్చేలా చేసుకున్నాం. దానికీ ఒక పరిమితి ఉంది. ఆ ఫంక్షన్‌కి విలువ, లొకేల్ (భాష, అంకెలు రాసే పద్ధతి) మాత్రమే అందుతాయి, ఏ వరుస అన్నది తెలియదు. పక్క కాలమ్ చూసి ఇక్కడ ఏం చూపించాలో తేల్చుకోవాలంటే ఏ సెల్ అన్నది కూడా అందే ఇనిట్‌స్టైల్‌ఆప్షన్ అనే ఫంక్షన్ దాకా వెళ్లాలి.

ఇక్కడే డెలిగేట్ పద్ధతి మీద నాకు గౌరవం పెరిగిన చోటు కూడా ఉంది. చెన్నైలో బంగారం మాట సవరన్ లెక్కన నడుస్తుంది, సవరన్ అంటే 8 గ్రాములు. త్రాసు చూపేది గ్రాములు. ఓనర్ గారికి నెట్ వెయిట్ సవరన్లలో కనిపించాలి, అకౌంటెంట్ గారికి గ్రాముల్లో కొట్టాలి. మోడల్‌లో ఒకటే విలువ, గ్రాములు. చూపించడానికి (డిస్‌ప్లే రోల్) అడిగితే 8తో భాగించిన అంకె ఇస్తుంది, ఎడిట్ చేయడానికి (ఎడిట్ రోల్) అడిగితే గ్రాములు ఇస్తుంది. 20.000 గ్రాముల గొలుసు తెర మీద 2.500 సవరన్ అని ఉంటుంది. ఎఫ్2 కొట్టగానే అదే సెల్‌లో 20.000 కనిపిస్తుంది. లెక్క ఒక్క చోటే ఉంది కాబట్టి తేడా వచ్చే ప్రశ్నే లేదు. వేరే టూల్స్‌లో దీనికోసం రెండు కాలమ్స్ పెట్టి, వాటిని జత తప్పకుండా కాపాడుకుంటూ అవస్థ పడేవాళ్లని చూశాను.

కీబోర్డు గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వాడేవాళ్ల తృప్తి అంతా అక్కడే ఉంది. టాలీ అకౌంటింగ్ ప్రోగ్రాంలో చెయ్యి తిరిగినవాళ్లకి ఎంటర్ అంటే తర్వాతి గడికి వెళ్లడం. క్యూటీలో ట్యాబ్ కొడితే విలువ దిగి పక్క సెల్ తెరుచుకుంటుంది, ఎంటర్ కొడితే మాత్రం విలువ దిగి ఎడిటర్ మూసుకుంటుంది, అక్కడే ఆగిపోతుంది. ఎడిటర్‌లో కొట్టిన కీలు ముందుగా అందే డెలిగేట్ ఈవెంట్‌ఫిల్టర్‌లో ఎంటర్‌ని పట్టుకుని, విలువని మోడల్‌లోకి దింపే కమిట్‌డేటా సిగ్నల్ ఇచ్చి, ఎడిటర్‌ని మూసే క్లోజ్‌ఎడిటర్‌ని ఎడిట్‌నెక్స్ట్‌ఐటమ్ (తర్వాతి సెల్ తెరువు) సూచనతో పంపితే సగం పని అవుతుంది. మిగతా సగం ఏమిటంటే, పక్కన ఎడిట్ చేయకూడని సెల్ ఉంటే కర్సర్ దాని మీదకెళ్లి కూర్చుంటుంది. నెట్ వెయిట్, మొత్తం మా టేబుల్‌లో లెక్కకట్టి వచ్చేవే కనుక వాటిని దాటెయ్యాలి. దానికి వ్యూలో కర్సర్ ఎటు వెళ్లాలో తేల్చే మూవ్‌కర్సర్‌ని తిరగరాయాల్సి వచ్చింది. ఎడిటింగ్ అంతా డెలిగేట్ చేతిలో ఉందని చెప్పి, ఇంత ముఖ్యమైనదానికి వ్యూ క్లాస్‌లో చెయ్యి పెట్టాల్సి రావడం నాకు నచ్చదు. ఒకసారి కుదిరాక మాత్రం అకౌంటెంట్ గారు మౌస్ ముట్టుకోకుండా నగల ట్రే మొత్తం ఎక్కించేస్తున్నారు. ఆ వేగం చూస్తే పడిన కష్టం గుర్తుకురాదు.

కాంబో బాక్స్‌ది ఇంకో పేచీ. స్వచ్ఛత కాలమ్‌లో 916, 750 లాంటివి ఎంచుకుంటారు. లిస్టులోంచి ఎంచుకోగానే మోడల్‌లోకి వెళ్లిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. నిజానికి ఫోకస్ పోయేదాకానో ఎంటర్ కొట్టేదాకానో అది ఎడిటర్‌లోనే ఉంటుంది. ఎంపిక జరిగిందని చెప్పే యాక్టివేటెడ్ సిగ్నల్ రాగానే మనమే కమిట్‌డేటా, క్లోజ్‌ఎడిటర్ ఇవ్వాలి.

సేవ్ బటన్‌ది మరీ టెన్షన్ పెట్టే విషయం. సెల్‌లో కొత్త మజూరీ కొట్టి, ఎంటర్ కొట్టకుండా కంట్రోల్ ఎస్ నొక్కితే? షార్ట్‌కట్ వల్ల ఫోకస్ కదలదు. ఫోకస్ కదలకపోతే ఎడిటర్ విలువ మోడల్‌లోకి దిగదు. సేవ్ అయ్యేది పాత మజూరీ, తెర మీద కనిపించేది కొత్తది. సేవ్ చేసే ముందు ఫోకస్‌ని టేబుల్ మీదకి మార్పించడం ఇప్పుడు మా ప్రతి స్క్రీన్‌లోనూ ఉన్న నియమం. అంతకుముందు జావా స్వింగ్‌లో పనిచేశాను. అక్కడి టేబుల్, జేటేబుల్ సంగతి ఇంకా కష్టం. ఫోకస్ వేరే చోటికి పోయినా ఎడిటింగ్ ఆగదు, దానికి టెర్మినేట్‌ఎడిట్‌ఆన్‌ఫోకస్‌లాస్ట్ అనే ప్రాపర్టీ మనం విడిగా పెట్టాలి. ఆ లెక్కన క్యూటీ ఒక మెట్టు పైనే ఉంది.

రోజువారీ రేటు కాలమ్ దగ్గర నేర్చుకున్నది ఎక్కడా స్పష్టంగా రాసి ఉండగా చూడలేదు కనుక వివరంగా చెబుతాను. రేటు బయటినుంచి లైవ్‌గా వస్తుంది, కావాలంటే చేత్తో కూడా మార్చుకోవచ్చు. అకౌంటెంట్ గారు సెల్ తెరిచి సగం అంకెలు కొట్టారు. అదే క్షణంలో కొత్త రేటు వచ్చింది, మోడల్ ఆ ఒక్క సెల్‌కి విలువ మారిందనే డేటాచేంజ్‌డ్ సిగ్నల్ పంపింది. వ్యూ వెంటనే తెరిచి ఉన్న ఎడిటర్‌లో మోడల్ విలువ నింపే సెట్‌ఎడిటర్‌డేటాని పిలుస్తుంది, కొడుతున్న అంకెలు తుడిచిపెట్టుకుపోతాయి. మా పరిష్కారం చిన్నదే: ఎడిటర్‌గా సాదా లైన్ ఎడిట్ (ఒక వరుస టెక్స్ట్ బాక్స్) పెట్టి, సెట్‌ఎడిటర్‌డేటాలో ముందుగా దాంట్లో మార్పు జరిగిందో లేదో చెప్పే ఈజ్‌మాడిఫైడ్ చూస్తాం. మనిషి చెయ్యి పెట్టి ఉంటే అక్కడితో వెనక్కి వచ్చేస్తాం. కొడుతున్నవాళ్ల మాటే నెగ్గాలి.

తప్పు విలువల్ని ఆపడంలో క్యూటీ సగం దూరం వస్తుంది. లైన్ ఎడిట్‌కి విలువని పరీక్షించే వాలిడేటర్ తగిలిస్తే, విలువ సరిగా లేనప్పుడు ఎంటర్ కొట్టినా ఎడిటర్ మూసుకోదు. హెచ్‌యూఐడీకి ఇది చక్కగా పనికొచ్చింది. అది ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. అయిదు అక్షరాలకే ఎంటర్ కొడితే కదలదు. రాళ్ల బరువు గ్రాస్ కంటే ఎక్కువ ఉండకూడదన్న నియమం మాత్రం ఒక్క సెల్‌తో తేలేది కాదు. మోడల్‌లో విలువని తీసుకునే సెట్‌డేటా కాదంటే ఎడిటర్ నిశ్శబ్దంగా మూసుకుని పాత విలువ కనిపిస్తుంది, ఎందుకు కాదందో కొట్టినవాళ్లకి తెలియదు. అందుకే ఎడిటర్‌ని పుట్టించే క్రియేట్‌ఎడిటర్‌లో ఆ వరుస గ్రాస్ వెయిట్ చదివి, దాన్నే గరిష్ఠంగా పెట్టిన వాలిడేటర్ తయారుచేస్తున్నాం. ఇంత సాధారణమైన అవసరానికి సరైన దారి ఒకటి క్యూటీలోనే ఉండాల్సింది.

గీయడం గురించి ఫిర్యాదులు తక్కువ. ఫొటో కాలమ్‌కీ, హెచ్‌యూఐడీ ఉందో లేదో చెప్పే రంగు గుర్తుకీ మాత్రమే సెల్‌ని గీసే పెయింట్ ఫంక్షన్ సొంతంగా రాశాం. ముందు స్టైల్ చేత సెల్ వెనక భాగం గీయించి, దాని మీద మన బొమ్మ వేస్తే సెలక్షన్ రంగు, డార్క్ థీమ్ అన్నీ వాటంతటవే కుదురుతాయి. రంగులు థీమ్ ఇచ్చే ప్యాలెట్‌లోంచే తీసుకోవాలి. పెయింటర్ సేవ్, రిస్టోర్ జంటగా ఉండాలి, లేదంటే ఒక సెల్ ఎరుపు పక్క సెల్ అక్షరాలకి అంటుకుంటుంది. పైథాన్‌లో పెయింట్ అంటే జాగ్రత్త అవసరం. ఇరవై కాలమ్స్, నలభై వరుసలు తెర మీద ఉంటే ఒక్కసారి పూర్తిగా గీయడానికి ఎనిమిది వందల పిలుపులు. అందుకే టేబుల్ మొత్తానికి ఒకే పైథాన్ డెలిగేట్ పెట్టకుండా, అవసరమైన కాలమ్‌కే సెట్‌ఐటమ్‌డెలిగేట్‌ఫర్‌కాలమ్‌తో పెట్టాం, మిగతావి సీ ప్లస్ ప్లస్ వేగంతోనే నడుస్తాయి. ఫొటోని పెయింట్‌లో ప్రతిసారీ కుదించకుండా, ఒకసారి చిన్నది చేసి క్యాష్‌లో ఉంచుకోవడంతో స్క్రోలింగ్ తేలికైంది. ఇంకోటి, వ్యూ డెలిగేట్‌ని తనది చేసుకోదు. పైథాన్‌లో దాన్ని ఏదో ఒక వేరియబుల్‌లో పట్టి ఉంచకపోతే పైథాన్ దాన్ని మెమరీలోంచి తీసేయవచ్చు, ప్రోగ్రాం ఉన్నట్టుండి కూలిపోవచ్చు.

తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లకి ఒక మాట. "వడ్డాణం", "చంద్రహారం" లాంటి పేర్లలో కింది వత్తులు సెల్ అంచు దగ్గర తెగిపోయేవి. ఫాంట్ మెట్రిక్స్ ఇచ్చే ఎత్తు మనం పెట్టిన ఇంగ్లిష్ ఫాంట్‌ది. తెలుగు అక్షరాలు వేరే ఫాంట్‌లోంచి అరువు వస్తాయి, వాటి ఎత్తు ఎక్కువ. పేరు కాలమ్‌కి తెలుగు ఫాంట్‌నే నేరుగా చెప్పి, దాని ఎత్తుని బట్టి వరుస ఎత్తు ఒకేసారి నిర్ణయించాం. వరుసల్ని కంటెంట్‌ని బట్టి సైజు మార్చుకోమని హెడర్‌కి చెబితే కూడా కుదురుతుంది కానీ, పెద్ద టేబుల్‌లో అది భారం. వత్తు తెగిన పేరు తెర మీద చూస్తే నా మనసుకి నిజంగా నొప్పిగా ఉంటుంది. దీనికోసం ఒక పూట కేటాయించడం ఎంత మాత్రం ఎక్కువ కాదు.

క్యూటీలోనే తెరలు కట్టే ఇంకో పద్ధతి క్యూటీ క్విక్‌లోనూ టేబుల్‌వ్యూ ఉంది. క్యూటీ 6.5 నుంచి దానికీ ఎడిట్ డెలిగేట్ వచ్చింది. కౌంటర్ దగ్గర కస్టమర్‌కి నగలు చూపించే టచ్ స్క్రీన్‌కి దాన్నే వాడుతున్నాం, రెండు మూడు ఫీల్డులే కాబట్టి హాయిగా ఉంది. లోపల గదిలో అకౌంటెంట్ గారి టేబుల్ మాత్రం విడ్జెట్ల మీదే, అంటే ఇప్పటిదాకా చెప్పిన పద్ధతిలోనే ఉంచాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకీ అదే చెబుతాను: కీబోర్డు ఎంట్రీ ఎక్కువైతే విడ్జెట్లు, క్యూస్టైల్డ్‌ఐటమ్‌డెలిగేట్. మొదటి రోజే బరువు కాలమ్‌కి సొంత ఎడిటర్ రాసేయండి.