రిక్వైర్‌మెంట్స్ పత్రం: మామూలు వచనమా, మూసవాక్యమా, గణిత సంకేతమా – ఏది మేలు?

బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల ఆఫీసుల్లో టెస్టింగ్ నుంచి బిజినెస్ అనలిస్టులుగా మారిన మన తెలుగువారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే రిక్వైర్‌మెంట్స్ పత్రాన్ని ఏ రూపంలో రాయాలి? దీన్ని తేల్చవలసిన ప్రమాణం నా దృష్టిలో ఒక్కటే: పత్రంలోని తప్పు ఎవరి కంటపడగలదు?

"మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్ ఇస్తే ఖాతాను 15 నిమిషాలు లాక్ చేయాలి" అన్న వాక్యానికి క్లయింటు, డెవలపర్, టెస్టర్ ముగ్గురూ తలూపుతారు. ఆ మూడు తప్పులూ వరుసగా జరగాలా, నిన్నటి రెండూ నేటి ఒకటీ కలిసినా చాలా, లాక్‌లో ఉండగా మళ్లీ ప్రయత్నిస్తే గడువు పెరుగుతుందా అన్న విషయాల్లో మాత్రం ఎవరి ఊహ వారిదే. మామూలు వచనంలో ఉన్న చిక్కు ఇదే. అది చదవడానికి హాయిగా ఉంటుంది కాబట్టి లోపం ఎవరికీ తగలదు.

రోల్స్ రాయిస్‌లో అలిస్టర్ మావిన్ బృందం విమాన ఇంజన్ల నియంత్రణ వ్యవస్థల కోసం రూపొందించి 2009లో వెల్లడించిన ఈయర్స్ (EARS) అనే మూసవాక్యాల పద్ధతి, ప్రతి నియమాన్నీ కొద్దిపాటి మూసల్లో ఒదిగించమంటుంది. "ఖాతా లాక్‌లో ఉన్నంతసేపు, లాగిన్ ప్రయత్నం వచ్చినప్పుడు, సిస్టమ్ దానిని తిరస్కరించాలి, గడువును మార్చకూడదు" అని రాయబోయేసరికి, స్థితి ఏది, సంఘటన ఏది అన్నది రాసేవారే తేల్చుకోక తప్పదు. పైగా, క్లయింటు దీన్ని చదివి "మాకు కావలసింది ఇది కాదు" అనగలడు.

కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన టీఎల్‌ఏ ప్లస్ (TLA+), అంటే వ్యవస్థ నడవడికను గణిత సంకేతాల్లో నమూనాగా రాసే భాష, పట్టే తప్పులు వేరు. రెండు సర్వర్లు ఒకే క్షణంలో తప్పు ప్రయత్నాల లెక్క "రెండు" అని చదివి, రెండూ ప్రయత్నాన్ని అనుమతిస్తే నాలుగో అవకాశం దొరికిపోతుంది. చిన్న నమూనాలోని స్థితులన్నిటినీ తిరగేసే చెకర్ అనే ప్రోగ్రామ్ దీన్ని చూపిస్తుంది, ఏ వాక్యమూ చూపించదు. కానీ ఆ సంకేతాలను క్లయింటు చదవలేడు, చదవలేని పత్రంపై అతడు పెట్టే సంతకానికి విలువ తక్కువ. ఇలాంటిదే మరో గణిత పద్ధతి అయిన జెడ్ (Z) సంకేతాలను వాడేవారు కూడా ప్రతి స్కీమా (సంకేతాల పెట్టె) పక్కన వచన వివరణ ఉంచడాన్ని ఆనవాయితీగా పెట్టుకున్నారు.

"ఇలా ఉన్నప్పుడు, ఇది చేస్తే, ఇది జరగాలి" అని ఉదాహరణలుగా రాసే గెర్కిన్ టెస్టులకు బాగుంటుంది. ఉదాహరణలే నియమాలు కావు.

కాబట్టి నేను పత్రమంతా మూసవాక్యాల్లో రాసి, ఏకకాలంలో పనులు ఢీకొనే నాలుగైదు చోట్ల మాత్రమే, వాక్యం సంఖ్యతో ముడిపెట్టి, కింద టీఎల్‌ఏ ప్లస్ నమూనాను జోడిస్తున్నాను. నమూనాలో లోపం బయటపడితే ముందుగా వాక్యాన్ని దిద్ది క్లయింటు ఆమోదం తీసుకుంటాను. సంకేతాలను సవరించేది ఆ తరువాతే.