నాలుగేళ్లు సెసమీ స్ట్రీట్ చూశాక

మా బిడ్డకు రెండేళ్లప్పుడు, అన్నం తినిపించడానికి పెట్టిన అమెరికా పిల్లల టీవీ షో ఇది, మనుషులతో పాటు బొమ్మలూ ఉంటాయి. అక్షరాలు, అంకెలు బాగానే నేర్పుతుంది, ఆ సంగతి అందరికీ తెలిసిందే. నేను చెప్పేది వేరే.

హన్మకొండలో మా ఇంట్లో దీన్ని మనసు పెట్టి చూసింది మా బాపు. ఇంగ్లిష్ ముక్క రాదు. అందులో అంకెల పిచ్చి ఉన్న కౌంట్ అనే బొమ్మ లెక్కపెడుతుంటే పక్కన ఒకటి, రెండు, మూడు అనేవాడు. లెక్క అయ్యాక కౌంట్ నవ్వుతో పాటు వచ్చే ఉరుము వినబడగానే మనవరాలితో కలిసి హహహ అని నవ్వేవాడు. ఎనిమిదడుగుల పసుపు పక్షి బొమ్మ బిగ్ బర్డ్‌కు 'కోడిపుంజు' అని పేరు పెట్టాడు.

2024 జనవరిలో బాపు పోయాడు. "తాత ఏడి?" అని బిడ్డ అడిగితే మా అమ్మ "మేడారం పోయిండు" అంది. మేమూ ఊఁ కొట్టాం. మరుసటి నెలలోనే జాతర. పక్కింటివాళ్లు పోయొచ్చి బంగారం, అదే జాతర ప్రసాదం బెల్లం, పంచారు. బెల్లం ముక్క చేతిలో పట్టుకొని ఇది వాళ్ల వెనకాలే గేటు దాకా పోయి "మా తాతను ఏడ విడిచిపెట్టిన్రు?" అని అడిగింది. ఆ ముక్క తినలేదు. తాతకని స్టీలు గ్లాసులో దాచింది. రెండో రోజుకే చీమలు.

అప్పుడు వెతికి 1983 నాటి ఒక భాగం పెట్టాను. షోలో కొట్టు నడిపే హూపర్ వేషం వేసిన విల్ లీ 1982 డిసెంబరులో చనిపోయాడు. వాళ్లు ఆ వేషం ఇంకొకరికి ఇవ్వలేదు, ఊరెళ్లాడని అబద్ధమూ చెప్పలేదు. పిల్లల మనసు తెలిసిన నిపుణులను అడిగి, చనిపోయాడనే చెప్పారు. జబ్బు, ఆస్పత్రి మాట మాత్రం ఎత్తలేదు, జ్వరమొచ్చిన పిల్లలు తామూ పోతామేమో అని భయపడకుండా. పెద్దలు ఇంటి పట్టున ఉంటారని అమెరికాలో థాంక్స్‌గివింగ్ సెలవు నాడే వేశారు.

బిగ్ బర్డ్ అందరి బొమ్మలు గీసుకొచ్చి తలా ఒకటి పంచుతుంది. హూపర్ బొమ్మ మిగులుతుంది. వచ్చాక ఇస్తానంటుంది. నేను పక్కన కూర్చొని ఒక్కో మాటా తెలుగులో చెబుతున్నా. "చచ్చిపోయినోళ్లు మళ్ల రారు" దగ్గర నా గొంతు పట్టేసింది.

"మన తాత లెక్కనా?"

అవునన్నాను.

"మేడారంల లేడా?"

లేడన్నాను. ఏడ్చింది. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి "పసిపిల్లకు గిదేందిరా" అని నన్నే తిట్టింది. కాసేపటికి దాన్ని తనే ఒళ్లో కూర్చోబెట్టుకొని, తాత ఎట్లా పోయాడో ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆ తర్వాత కనబడిన ప్రతి ఒక్కరికీ ఈ షో చూడమని చెప్పాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. 2016 నుంచి గంట షో అరగంటయింది. అన్నం తినే టైముకు అది సరిపోతుంది గానీ, పాతవాటిలో ఉన్న నిదానం కొత్తవాటిలో నాకు కనబడదు. షోలోని ఎర్ర బొమ్మ ఎల్మో తనను తాను పేరుతోనే పిలుచుకుంటుంది కదా, మా బిడ్డ కూడా ఏడాదిపాటు 'నాకు' అనడం మానేసింది. బళ్లో ఇంగ్లిష్ చివరి అక్షరాన్ని షోలో విన్నట్టు 'జీ' అంటే టీచరమ్మ 'జెడ్' అని ఇరవైసార్లు చెప్పించింది. ఇంట్లో మళ్లీ జీనే.

పక్కన కూర్చొని తెలుగులో చెప్పే మనిషి లేకపోతే రెండేళ్ల పిల్లకు ఇది ఎంతవరకు ఎక్కుతుందో చెప్పలేను. మా ఇంట్లో బాపు ఉన్నాడు కాబట్టి నడిచింది. 2006లో మొదలైన దీని హిందీ రూపం 'గలీ గలీ సిమ్ సిమ్'లో చమ్కీ అనే పాప బొమ్మ బాగుంటుంది, కానీ మా బాపుకు హిందీ కన్నా ఆ ఉరుమే నచ్చింది.

హూపర్ పేరును బిగ్ బర్డ్ చివరిదాకా 'లూపర్' అనే అంటుంది, చుట్టూ ఉన్నవాళ్లు హూపర్ అని దిద్దుతారు. ఆరేళ్లొచ్చినా మా బిడ్డ ఇంకా 'కోడిపుంజు' అనే అంటుంది. నేను దిద్దడం లేదు.