సంగమేశ్వరం నుంచి సోమశిల బోటు: గాలి రోజు ఎక్కేవాళ్ల కోసం

మొన్న ఆదివారం కర్నూలు నుంచి ఎనిమిది మందిమి నందికొట్కూరు మీదుగా సంగమేశ్వరం పోయినాం. దారి బాగుంది, టిఫిన్ అందరికీ కలిపి 320. శ్రీశైలం బ్యాక్ వాటర్ నిండుగా ఉండాది, ఏడు నదుల సంగమంలో ఉన్న పాత గుడి మొత్తం నీళ్లలోనే, అది చూడాలంటే ఎండాకాలమే రావాల. ఆ గుళ్లోని వేప చెక్క లింగం చూస్తానని ఆశగా వచ్చిన మా అత్త మొహం చిన్నబోయింది. సరే, కృష్ణకి అవతలి ఒడ్డున ఉన్న సోమశిలన్నా చూపిద్దామని బోటు మాట్లాడినాం.

3,500 అన్నాడు, 2,400కి దిగినాడు, డబ్బులు ముందే తీసుకున్నాడు. కొత్త బోటు, పైన రేకు కప్పు, పాటలు. మేం బోటును చూసి ఎక్కినాం గానీ నడిపే పిల్లోణ్ణి చూడలేదు. ఎనిమిది మందికి ఐదే లైఫ్ జాకెట్లు, అడిగితే విసుక్కున్నాడు.

పదకొండు దాటినాక గాలి లేసింది. సోమశిల మెట్ల దగ్గర గాలి మమ్మల్ని ఒడ్డు నుంచి వెనక్కి తోస్తాంటే వీడు ఇంకా ఇరవై అడుగులుండగానే ఇంజన్ ఆపేసినాడు, ఇంజన్ ఆగితే బోటు మన మాట వినదు కదా, ఆ రేకు కప్పుకి గాలి పట్టి అడ్డం తిరిగిపోయింది. రెండుసార్లు అట్లే అయింది. మూడోసారి కోపంతో స్పీడుగా తెచ్చి మెట్టుకి గుద్దించినాడు, లేచి నిలబడిన అత్త పడి మోకాలు కొట్టుకుపోయింది. "గాలొస్తే నేనేం చేయాల" అన్నాడే గానీ చెయ్యి కూడా ఇయ్యలేదు. 2007లో మంచాలకట్ట ఊరి దగ్గర పడవ మునిగి జనం చనిపోయింది ఈ నీళ్లలోనే, మా అమ్మకి అది గుర్తొచ్చి గుళ్లో సోమేశ్వరునికి దండం పెట్టుకుంటూ కూడా వణుకుతానే ఉంది.

తిరుగు ప్రయాణానికి వాడి బోటు ఎక్కేది లేదన్నాం. 1,200 ఇచ్చి ఒక పెద్దాయన పాత పడవ మాట్లాడినాం, రెండు పక్కలా పాత టైర్లు, జాకెట్లు అందరికీ. ఎవరూ లేయొద్దని ముందే చెప్పినాడు. ఇవతల గాలి వాలుగా ఒడ్డు మీదికే కొడతాంది. ఆయన నేరుగా ఒడ్డుకి రాలేదు, దూరంగానే పడవ మూతిని గాలి వైపు తిప్పి, ఇంజన్ సన్నగా పెట్టుకుని కూర్చున్నాడు, గాలే మెల్లగా పక్కకి నెట్టి టైర్లు ఒడ్డుకి ఆనేదాకా. ముందు వైపు మోకు ఒడ్డున ఉన్న మనవడికి విసిరినాడు, అది కట్టినాక వెనక మోకు, రెండూ బిగిసినాకే ఇంజన్ ఆపినాడు. "గాలికి ఎదురు పెడితే గాలే బ్రేకమ్మా" అన్నాడు, నాకైతే చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఒడ్డున చేపల ఫ్రై ప్లేటు 150, చాలా బాగుంది.

పోయేవాళ్లు పొద్దున ఎనిమిదికల్లా బోటెక్కండి, ముందు బోటు ఒడ్డుకి ఎట్లా చేరుతుందో ఒకసారి చూసి అప్పుడు బేరమాడండి, డబ్బులు దిగినాకే ఇయ్యండి.

అత్త ఆ పెద్దాయన చేతిలో ఇంకో 200 పెట్టి, "గుడి బయటపడినప్పుడు మళ్లీ వస్తాం, నీ పడవే కావాలన్నా" అని చెప్పి దిగింది.