హెచ్చరిక: “ఆరు బోల్టులూ పడతాయి” అన్న మాట నమ్మి పాత పికప్‌కి రిమ్ములు కొనకండి

పాత టయోటా టకోమాకో, ఆ ఈడు పికప్‌కో సెకండ్ హ్యాండ్ రిమ్ములూ టైర్లూ కలిపి సెట్టుగా కొందామని చూస్తున్నవాళ్ళు, ముఖ్యంగా డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు, డబ్బు పంపేముందు ఒక్కసారి ఇది చదవండి. నేను అలాంటి సెట్టు కొన్నాను. రెండు వారాలు తిరక్కుండానే ఐ-35 మీద, హిల్స్‌బరో దగ్గర, ముందు ఎడమ చక్రం నట్లు చేత్తో తిప్పితే తిరిగే స్థితికి వచ్చింది. ఇంకో పది మైళ్ళు పోయుంటే ఏమయ్యేదో రాయాలనిపించడం లేదు.

బండి 2009 టయోటా టకోమా, ఫోర్ బై ఫోర్. పెరటి మట్టి తేవడానికీ, గుడి కార్యక్రమాలకి గిన్నెలు మోయడానికీ కొన్నాను. కొన్నాక తెలిసింది, పికప్ ఉన్నవాడికి ఇల్లు మారే స్నేహితులు ఎంతమంది ఉంటారో. దాని మీద ఉన్న టైర్లు 265/70ఆర్16. గాడి బాగానే ఉంది కానీ పక్క గోడల మీద సన్నటి పగుళ్ళు. ఆ గోడ మీదే ఉండే డాట్ (DOT) నంబరు చివరి నాలుగంకెలు 1414, అంటే 2014లో 14వ వారంలో తయారైనవి. మార్చాల్సిందే. కొత్తవి నాలుగూ బిగింపుతో కలిపి 880 డాలర్లు అన్నారు.

అదే రాత్రి ఫోన్లో ప్రకటన కనబడింది. నల్ల రిమ్ములు, పెద్ద టైర్లు, మొత్తం సెట్టు 850. టైర్ల ధరకే రిమ్ములు కూడా వస్తున్నాయి కదా అని ఆశ. పెట్టింది ఒక చిన్న టైర్ల షాపువాడు, పేరు రాయడం లేదు. “ఆరు బోల్టుల టయోటా ఏదైనా సరే పడుతుంది” అన్నాడు. పాత సెట్టు తనకిచ్చేస్తే 100 తగ్గిస్తానన్నాడు. సరేనన్నాను. 750 జెల్ (Zelle) అనే బ్యాంకు యాప్‌లో పంపాను. ఇక్కడే రెండు తప్పులు చేశాను. పాత రిమ్ములు వదులుకున్నాను, వెనక్కి తెచ్చుకోలేని దారిలో డబ్బు కట్టాను. రశీదు మీద “ఉన్నది ఉన్నట్టుగా” అని ఒక ముక్క రాసిచ్చాడు, దాన్ని అప్పుడు చదవలేదు.

బిగించి ఇంటికి తెచ్చాను. చూడ్డానికి బండి పదేళ్ళు చిన్నదైపోయినట్టుంది. మా ఆవిడ కూడా బావుందంది, అది అరుదు. మర్నాడు డ్రైవ్‌వేలోంచి వెనక్కి తీస్తూ స్టీరింగ్ పూర్తిగా తిప్పేసరికి లోపల్నించి గర్‌ర్ మని శబ్దం. దిగి చూస్తే టైరు వెనక వైపు ప్లాస్టిక్ లైనర్ నలిగి, దాని వెనకున్న బాడీ మౌంట్ మూలకి రాసుకుంటోంది. ఫోన్ చేస్తే “అది మామూలే, ఆ మూల కాస్త కోసేయండి” అన్నాడు. కోయడమంటే క్యాబిన్ చాసిస్ మీద కూర్చునే చోట ఇనుము కోసి మళ్ళీ వెల్డింగ్ చేయడం. కొనే ముందు ఈ మాట చెప్పుంటే నేను కొనేవాణ్ణే కాదు.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను, ముందే వేయాల్సిన లెక్క. నాకిచ్చిన టైర్లు 285/70ఆర్17. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో, మూడోది రిమ్ము అంగుళాల్లో. నా పాత టైరు మొత్తం ఎత్తు 777 మిల్లీమీటర్లు, కొత్తది 831. దాదాపు 7 శాతం పెద్దది. ఎత్తు పెంచని టకోమాకి ఈ సైజు రాసుకుంటుందని ఆ బండి ఉన్న ఎవరిని అడిగినా చెప్తారు. మీటరు కూడా తప్పుతుంది. మీటరు 70 చూపిస్తుంటే నిజానికి మీరు 75లో పోతుంటారు. మైలేజీ పడిపోయిందని వారం రోజులు బాధపడ్డాను. అందులో కొంత నిజం, కొంత మైళ్ళు తక్కువ లెక్కపెడుతున్న మీటరు మాయ.

సైజు ఒక్కటే అయితే ఇంత గొడవ ఉండేది కాదు. రిమ్ము ఆఫ్‌సెట్ అని ఒకటుంది. హబ్‌కి, అంటే చక్రం బిగించే ఇరుసు కొసకి, ఆనే ముఖం రిమ్ము నడిమధ్య నుంచి ఎంత బయటికో లోపలికో ఉందన్నది. కంపెనీ రిమ్ము 7 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ ప్లస్ 30 చుట్టూ. నాకిచ్చినవి 9 అంగుళాలు, మైనస్ 12. అంటే రిమ్ము బయటి అంచు ఒక్కో వైపు 67 మిల్లీమీటర్లు, రెండున్నర అంగుళాల పైనే, బయటికి వచ్చేసింది. స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు ఇంకా పెద్ద వంపులో తిరిగి ఫెండర్‌నీ బాడీ మౌంట్‌నీ తాకుతుంది, బేరింగుల మీదా బాల్ జాయింట్ల మీదా బరువు పెరుగుతుంది. రిమ్ము వెనక్కి తిప్పితే ఈ అంకెలు పోతపోసి ఉంటాయి. నేను ముందు నుంచి మాత్రమే చూశాను, ఫోటోలు తీసుకున్నాను కూడా.

ఇక వణుకు. 60 దాటితే స్టీరింగ్ చేతిలో ఆడేది. మళ్ళీ షాపుకి పోతే బ్యాలెన్స్ చేశామన్నారు, వణుకు పోలేదు. టైర్లు గతుకులకి ఎగిరిపడుతున్నాయని గాలి చూసుకుంటే 60 పీఎస్ఐ ఉంది. ఇవి ఎల్‌టీ, అంటే లైట్ ట్రక్ టైర్లు, ఎక్కువ బరువు మోసే “లోడ్ రేంజ్ E” రకం. పక్క గోడ మీద రాసింది గరిష్ఠ ప్రెషర్ మాత్రమే, మీరు నింపాల్సింది కాదు. అలాగని డోర్ పక్క స్టిక్కరు మీదున్న అంకె కూడా వీటికి నేరుగా సరిపోదు. అది కంపెనీ వేసిన మామూలు టైరు కోసం, అదే బరువు మోయాలంటే ఎల్‌టీ టైరుకి ఇంకాస్త ఎక్కువ గాలి కావాలి. ఇదంతా పట్టించుకోకుండా కంప్రెసర్ పెట్టి నొక్కేశారు. ప్రెషర్ హెచ్చరిక దీపం కూడా వెలిగే ఉండేది. సెన్సర్లు నేను 100 డాలర్లకి వదిలేసుకున్న పాత రిమ్ముల్లో ఉండిపోయాయి. “ఆ దీపాన్ని పట్టించుకోకండి” అన్నాడు. 2008 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ చిన్న ట్రక్కుకీ ఆ వ్యవస్థ తప్పనిసరి చేసింది పట్టించుకోకుండా ఉండడానికి కాదు కదా.

రెండో శనివారం ఆస్టిన్‌లో స్నేహితుడు ఇల్లు మారుతున్నాడని బయల్దేరాను. హిల్స్‌బరో వచ్చేసరికి వణుకుతో పాటు టక్ టక్ టక్ మని చప్పుడు మొదలైంది, వేగం తగ్గిస్తే చప్పుడూ నెమ్మదించింది. ఎగ్జిట్ తీసుకుని గ్యాస్ స్టేషన్‌లో ఆపాను. ముందు ఎడమ చక్రానికి ఆరు నట్లలో రెండు నట్లు వేళ్ళతోనే తిరిగాయి, మూడు వదులు. కాళ్ళలో సత్తువ పోయింది. జాకీతో వచ్చిన స్పానర్‌తో నాలుగు చక్రాలూ బిగించి, సర్వీస్ రోడ్డు మీద మెల్లగా, కనబడిన ప్రతి స్టేషన్‌లో ఆగి చూసుకుంటూ ఇంటికొచ్చాను. అప్పుడే లాగే బండిని పిలవాల్సింది, అదీ నా తప్పే. స్నేహితుడు అద్దె ట్రక్కు తెచ్చుకున్నాడు, ఇప్పటికీ దెప్పుతాడు.

అసలు సంగతి పట్టుకున్నది మా వెనక వీధి స్నేహితుడి నాన్నగారు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీల పని చేసి, ఆరు నెలలకి కొడుకు దగ్గరికొచ్చారు, ఇక్కడ పొద్దుపోక బాధపడుతున్నారు. విషయం విని స్పానర్ పట్టుకుని వచ్చేశారు. ఒక నట్టు విప్పారు, రంధ్రంలో వేలు పెట్టి తిప్పారు, బయటికి తీస్తే వేలి కొసకి నల్లటి అల్యూమినియం పొడి. “బాబూ, ఈ నట్టు ఈ రిమ్ముది కాదయ్యా” అన్నారు.

“ఎందుకు బాబాయి గారూ, మరలు పడుతున్నాయిగా?”

“మరలు పడితే సరా? గుంట చూడు, గరాటులా ఉంది. నీ నట్టు అడుగు చూడు, వాషర్‌తో బల్లపరుపుగా ఉంది. గరాటు మీద రూపాయి బిళ్ళ పెట్టి బిగించినట్టుంది.”

అంతే విషయం. టయోటా కంపెనీ అల్లాయ్ రిమ్ములకి వచ్చే నట్లు పొడుగు మెడతో, అడుగున చదునైన వాషర్‌తో ఉంటాయి. బయట కొనే రిమ్ముల్లో చాలావాటికి రంధ్రం 60 డిగ్రీల కోన్‌గా ఉంటుంది, దానికి కోన్ నట్టు కావాలి. రెండింటి మరలూ ఒకటే, 12 మిల్లీమీటర్లు, 1.5 పిచ్, అందుకే నట్లు బిగించే ఎయిర్ గన్ పెట్టి నొక్కితే బిగిసినట్టే ఉంటుంది. కానీ వాషర్ గరాటు అంచు మీద సన్నటి గీత మాత్రమే ఆనుతుంది. ఆ గీత అరిగేకొద్దీ పట్టు పోతుంది. వణుకు రహస్యం కూడా ఇదే. నాకిచ్చిన రిమ్ము మధ్య బొక్క 108 మిల్లీమీటర్లు, టకోమా హబ్ 106. ఆ ఖాళీ ఉన్న రిమ్ముని మధ్యకి తెచ్చి కూర్చోబెట్టాల్సింది కోన్ నట్లే. అవి లేవు కాబట్టి చక్రం పక్కకి కూర్చుంది, ఎన్నిసార్లు బ్యాలెన్స్ చేసినా వణికింది. షాపువాడు 45 డాలర్ల కొత్త నట్లు మిగుల్చుకుందామని నా పాతవే వేశాడు.

ముందు ఎడమ రిమ్ములో రెండు రంధ్రాలు కోడిగుడ్డులా సాగిపోయి ఉన్నాయి. నట్లు ఎక్కే హబ్ బోల్టుల్ని స్టడ్లంటారు, వాటిలో రెండింటికి మరలు నలిగాయి. బాబాయి గారు ధర అడిగి, రూపాయల్లోకి మార్చుకుని, కాసేపు ఏమీ మాట్లాడలేదు. స్టడ్లకి గ్రీజు రాయమన్నారు, అది మాత్రం వినకండి. గ్రీజుంటే బిగువు కొలిచే టార్క్ రెంచి చెప్పే అంకె తప్పవుతుంది, నట్టు మోతాదు మించి బిగుస్తుంది. టయోటా పుస్తకంలోనే వద్దని ఉంది.

తర్వాత చక్రాల కింద పడుకుని ఫోన్ లైటుతో చూస్తే ఇంకోటి బయటపడింది. తయారీ వారంతో సహా డాట్ నంబరు పూర్తిగా టైరుకి ఒక వైపే ఉండొచ్చు, నావి మూడు టైర్లలో అది బయటికి కనబడేలా, 2021వి. నాలుగోదాన్ని ఆ ముఖం లోపలికి తిప్పి బిగించారు. అది 2015ది. నేను పగుళ్ళొచ్చాయని మార్చిన టైరుకి ఒక్క ఏడాది చిన్నది.

ఇతర బండ్ల వాళ్ళకీ ఒక మాట. ఆరు రంధ్రాలనగానే అన్నీ ఒకటి కాదు. ఆ రంధ్రాలు కూర్చునే వలయం అడ్డకొలత బండిని బట్టి మారుతుంది. టకోమాకి 139.7 మిల్లీమీటర్లు. పాత షెవర్లే సిల్వరాడో 1500కీ అంతే, కానీ దాని రిమ్ము మధ్య బొక్క 78, టకోమా హబ్ మీద అసలు ఎక్కదు. 2004 నుంచి ఫోర్డ్ ఎఫ్-150ది 135, కంటికి తేడా తెలియదు. 1997 నుంచి 2003 దాకా ఎఫ్-150కి అదే 135లో ఐదు రంధ్రాలు. 2005 నుంచి నిస్సాన్ ఫ్రాంటియర్‌ది 114.3. ఆరు రంధ్రాలైతే ఎదురెదురు రెండింటి మధ్య నుంచి మధ్యకి టేపు పెట్టి కొలవచ్చు, ఐదైతే అలా కుదరదు. స్టెప్నీ కూడా మర్చిపోకండి. నా బండి కింద వేలాడేది పాత సైజే. 831 టైర్ల మధ్య 777 టైరు వెనక వేసి హైవే మీద నడిపితే రెండు వెనక చక్రాల వేగాల తేడాని సర్దే డిఫరెన్షియల్ ఆగకుండా పని చేస్తూనే ఉంటుంది.

టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. డాలస్, కాలిన్, డెంటన్, టారెంట్ కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రమే ఉంది, వాళ్ళు చక్రాల వైపు చూడరు. ఇంతకుముందు ఏడాదికోసారైనా ఎవరో ఒకరు టైర్ల వైపు చూసేవారు.

చివరికి పాత సామాన్ల యార్డులో అసలు టకోమా అల్లాయ్‌లు నాలుగు 300కి దొరికాయి. స్టడ్లు, వాషర్ నట్లు, కూలీ 190. సెన్సర్లు 200. కొత్త 265/70ఆర్16 టైర్లు 880, మొదట్లో వద్దనుకున్న అదే ధర. మధ్యలో కొన్న కోన్ నట్లు 45, షాపుకి పోసిన 750. మొత్తం 2,365. 83 ఫుట్ పౌండ్లకి టార్క్ రెంచితో నేనే బిగించి, యాభై మైళ్ళ తర్వాత మళ్ళీ చూశాను, ఒక్కటీ కదల్లేదు. 75లో పోయినా స్టీరింగ్ కదలదు.

షాపుకి వెళ్ళి సాగిన రంధ్రాలు చూపించాను. రశీదులో ఉన్న ఆ ముక్క చూపించి, మీరు నట్లు బిగించుకోలేదన్నాడు. ప్రకటన మాత్రం ఇంకా ఉంది, ఇప్పుడు “ఆరు బోల్టుల బండి ఏదైనా” అని మార్చాడు, టయోటా మాట తీసేశాడు. నల్ల రిమ్ములు, ఎర్ర గోడ ముందు వరసగా నిలబెట్టిన నాలుగు చక్రాలు, ధర 850. ఆ ఫోటో కనబడితే దాటిపొండి.