టీసీ4420: పెద్ద మాస్‌ఫెట్‌కి సరిపడే గేట్ డ్రైవర్

ఐఆర్‌ఎఫ్‌పీ460 లాంటి పెద్ద మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) వాడేవాళ్లకి నేను ముందు చెప్పేది, దాని గేట్‌ని నడిపే ఈ చిప్ పేరే. ఆ మాస్‌ఫెట్ గేట్ ఛార్జ్, అంటే అది ఆన్ కావడానికి గేట్‌లో నింపాల్సిన ఛార్జ్, గరిష్ఠంగా 210 నానోకూలంబ్‌లు. 50 నానోసెకన్లలో నింపాలంటే 4.2 ఆంపియర్లు కావాలి. 1.5 ఆంపియర్ల చిన్న డ్రైవర్ టీసీ4427 పెడితే ఎంత లేదన్నా 140 నానోసెకన్లు పడుతుంది, ఆలస్యమంతా వేడిగా మారుతుంది. టీసీ4420 ఇచ్చేది 6 ఆంపియర్లు. అది పీక్ లెక్క లెండి, మిల్లర్ దశలో (ఆన్ అయ్యేటప్పుడు గేట్ వోల్టేజ్ కాసేపు పెరగకుండా ఆగే దశ) అంత రాదు. అయినా నాకు చాలు.

సప్లై 18 వోల్టుల దాకా ఇవ్వొచ్చు, నేను 12 ఇస్తాను. బైపాస్ కెపాసిటర్ (సప్లైకి, గ్రౌండ్‌కి మధ్య పెట్టేది) మాత్రం చిప్ పిన్నుల పక్కనే ఉండాలి. లేదంటే స్కోపులో రింగింగ్ (సిగ్నల్ ఊగిసలాట) చూసి టెన్షన్ పడాల్సిందే.

చిన్న మాస్‌ఫెట్‌లకి ఇది దండగ. రెసిస్టర్ పెట్టి వేగం తగ్గించుకునే పనైతే 4427 కొనండి, అందులో రెండు ఛానెళ్లు కూడా ఉంటాయి.