పర్లాకిమిడి జనరిక్ షాపు: ధరకి ఢోకా లేదు, టెన్షనంతా స్టాకుతోనే

అమ్మకి దిగులు జబ్బుకి డాక్టరుగారు ఎస్సిటలోప్రామ్ 10 ఎంజీ రాశారు. నెలనెలా బ్రాండ్ మందు కొనడం భారమై బజారులోని ఈ జనరిక్ షాపుకి మారాం.

మొదటి బిల్లు చూడగానే నాకు అనుమానమే వచ్చింది. ఇంత చవగ్గా ఇస్తున్నాడు, ఇందులో మందుందా, సుద్దముక్కా? షాపాయన ఏమీ అనుకోకుండా పాత షీటు, కొత్త షీటు పక్కపక్కన పెట్టి చూపించాడు. పైన పేర్లు వేరు, కింద చిన్న అక్షరాల్లో మందూ మోతాదూ ఒకటే. కేంద్ర ప్రభుత్వ జన ఔషధి షాపుల్లో అమ్మే జనరిక్ మందులు బ్రాండ్ కన్నా 50 నుంచి 90 శాతం చవకని ప్రభుత్వమే చెబుతోంది కాబట్టి, ధర తక్కువైనంత మాత్రాన భయపడక్కర్లేదు. కానీ ఆ చిన్న అక్షరాలు చదవాల్సిందే. ఇంచుమించు ఇదే పేరుతో క్లోనాజెపామ్ కలిపిన మాత్రలూ దొరుకుతాయి. అది అలవాటు పడిపోయే మందు.

నాకు బాగా నచ్చింది ఆయన అడిగిన ఒక ప్రశ్న. "అమ్మగారు మోకాళ్ల నొప్పులకి ఏమైనా వాడుతున్నారా అండీ?" వాడుతోంది, డైక్లోఫెనాక్. రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుందట, డాక్టర్ని అడిగాకే వేయమన్నాడు. పెద్దవాళ్లకి ఈ మందుతో సోడియం పడిపోవచ్చనీ, మాట తికమకగా ఉంటే రక్తపరీక్ష చేయించమనీ చెప్పాడు. పాత షాపులో డబ్బులు లెక్కపెట్టుకోవడం తప్ప ఇలాంటిదేమీ అడిగిన పాపాన పోలేదు.

ఇక తిట్లు. దసరా రోజుల్లో వెళ్తే స్టాకు లేదు, "వచ్చే వారం రండి" అన్నాడు. ఇదేమన్నా పారాసిటమాలా? ఉన్నట్టుండి ఆపితే తల తిరుగుతుంది, చిరాకు, నిద్ర ఉండదు. మానాలన్నా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. చేసేదిలేక పూర్తి ధర పెట్టి వేరేచోట కొన్నాం, మిగిలిందనుకున్నది కొంత అక్కడ పోయింది. ఇంకోటి, సగం షీటు అడిగితే ఎక్స్‌పైరీ తేదీ ఉన్న కొస తన దగ్గరే ఉంచుకుని మిగతాది కత్తిరించి ఇస్తాడు. షీటు మొత్తం తీసుకోండి, లేదా తేదీ బిల్లు మీద రాయించుకోండి.

జిల్లా ఆసుపత్రిలో నిరామయ (ఒడిశా ప్రభుత్వ ఉచిత మందుల పథకం) కౌంటర్లో మందులు ఉచితం, ముందు అక్కడ అడిగి చూడండి. లేదంటేనే ఇక్కడికి. వారం ముందు ఫోన్ చేస్తే తెప్పించి పెడతానంటాడు, ఎత్తితే.