మోడల్ బోటు పందేనికి ఏది మేలు: నైట్రో ఇంజనా, పెట్రోలు ఇంజనా?

రిమోట్ కంట్రోల్ బోట్ల మీద మనసుపడిన బెజవాడ, గుంటూరు కుర్రాళ్లు ఇంజన్ కొనే దశకు రాగానే అడిగే ప్రశ్న ఒకటే. మిథనాల్‌లో నైట్రోమీథేన్, ఆయిల్ కలిపిన ఇంధనంతో నడిచే నైట్రో తీసుకోవాలా, హాబీ షాపుల్లో గ్యాస్ ఇంజన్ అని రాసి ఉండే పెట్రోలు ఇంజన్ తీసుకోవాలా? విదేశీ వీడియోలు చూసినవాళ్లు ఏది ఎంత వేగంగా పోతుందో గడగడా చెప్పేస్తారు. నా దృష్టిలో వేగం చివర చూసుకోవాల్సిన సంగతి. ఇంధనం ఎక్కడ దొరుకుతుంది, పాడైతే ఎవరు బాగుచేస్తారు, బోటు ఏ నీళ్లలో తిరుగుతుంది అన్నవి ముందు తేల్చుకోవాలి. ఈ మూడింటికీ కృష్ణా ఒడ్డున దొరికే జవాబులు వేరు, అమెరికాలో దొరికే జవాబులు వేరు. అందుకే నా తీర్పు ముందే చెప్పేస్తాను. మన దగ్గర మొదటి బోటుకు పెట్రోలు ఇంజనే మేలు. నైట్రోకు పైచేయి దక్కే చోటు ఒకటుంది. దాని గురించీ దాచకుండా రాస్తాను.

రెండూ టూ స్ట్రోక్ ఇంజన్లే. మొదటి తేడా మంట అంటుకునే తీరులో ఉంది. పెట్రోలు ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్, ఫ్లైవీల్‌లో అయస్కాంతం, దాని పక్కన కాయిల్ ఉంటాయి. ఫ్లైవీల్ తిరిగిన ప్రతిసారీ నిర్ణీత స్థానంలో నిప్పురవ్వ పడుతుంది. నైట్రో ఇంజన్‌లో రవ్వ లేదు. దాని గ్లో ప్లగ్‌లో వెంట్రుకంత ప్లాటినం తీగ చుట్టి ఉంటుంది. ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తగిలించి ఆ తీగను ఎర్రగా కాల్చి, స్టార్టర్‌తో ఇంజన్ తిప్పాలి. ఒకసారి అందుకున్నాక బ్యాటరీ తీసేయవచ్చు. మిథనాల్ ఆవిరి ప్లాటినాన్ని తాకినప్పుడు పుట్టే వేడి, ప్రతి పేలుడు వదిలే వేడి కలిసి తీగను ఎర్రగానే ఉంచుతాయి. మంట ఏ క్షణాన అంటుకోవాలో చెప్పే భాగం ఏదీ లోపల లేదు. కంప్రెషన్ ఎంత, ప్లగ్ ఎంత వేడి రకం, ఇంధనంలో నైట్రో పాలు ఎంత, ఆ రోజు గాలి ఎలా ఉంది, ఇవన్నీ కలిసి టైమింగ్‌ను నిర్ణయిస్తాయి.

నైట్రోను ప్రేమించేవాళ్లు ప్రేమించేది ఇందుకే. హెడ్ కింద పలుచని రాగి షిమ్ (వలయం లాంటి రేకు) ఒకటి పెట్టినా, తీసినా ఇంజన్ స్వభావం మారిపోతుంది. ఒక్క రౌండు తిప్పి వచ్చి ప్లగ్ విప్పి భూతద్దం కింద చూస్తే లోపల జరిగిందంతా తెలుస్తుంది. తీగ మెరుస్తూ చుట్టలు సమంగా ఉంటే ఇంధనం పాళ్లు సరిచేసే నీడిల్ ఇంకా కొంచెం బిగించే వీలుంది. తీగ బూడిద రంగుకు తిరిగితే హద్దు దగ్గరపడినట్టు. చుట్టలు వంకరపోయి, తెల్లటి సన్నని పొక్కులు అంటుకుని ఉంటే పిస్టన్ నుంచి అల్యూమినియం రాలుతోందని అర్థం. ఇంకో రౌండు తిప్పితే ఇంజన్ చేతికి రాదు.

బలం విషయానికి వస్తే నైట్రో రహస్యం దాని ఇంధనంలో ఉంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. మిథనాల్‌కు ఆరున్నర కిలోల లోపే చాలు. తన అణువులోనే ఆక్సిజన్ మోసుకొచ్చే నైట్రోమీథేన్‌కు 1.7 కిలోలు సరిపోతుంది. సిలిండర్‌లోకి వచ్చే గాలి అంతే అయినా, దానితో ఎన్నో రెట్లు ఎక్కువ ఇంధనం కాల్చవచ్చు. అందుకే అరచేతిలో ఇమిడే 3.5 సీసీ ఇంజన్ నిమిషానికి 25 వేల నుంచి 30 వేల చుట్లు తిరుగుతూ బోటును నీటి మీద ఎగరేస్తుంది. దానికి ఏడు రెట్లు పెద్దదైన 26 సీసీ పెట్రోలు ఇంజన్ మామూలుగా 12 వేల నుంచి 16 వేల చుట్ల మధ్య పనిచేస్తుంది. బరువుకు తగిన బలం అన్న లెక్కలో నైట్రోదే గెలుపు.

ఆ బలానికి కట్టే ధర మన ఊళ్లో మరీ ఎక్కువ. నైట్రో ఇంధనం ఏ బంకులోనూ దొరకదు. మిథనాల్ విషం, దాని అమ్మకం మీద ఆంక్షలున్నాయి. మండే ద్రవం కాబట్టి మామూలు పార్శిల్‌లో విమానం ఎక్కించరు. చివరకు పెద్ద నగరంలోని హాబీ షాపును బతిమాలి రోడ్డు మార్గాన తెప్పించుకోవాలి, పెట్రోలుకు ఎన్నో రెట్ల ధర పెట్టాలి. పెట్రోలు బోటుకైతే బెంజ్ సర్కిల్ దగ్గరి బంకులో లీటరు రూ.110 దరిదాపు పెట్టి పోయించుకుని, మంచి టూ స్ట్రోక్ ఆయిల్ 25కు 1 పాళ్లలో కలుపుకుంటే చాలు. 3.5 సీసీ నైట్రో బోటు చిన్న ట్యాంకును కొన్ని నిమిషాల్లో ఖాళీ చేసి ఒడ్డుకు వస్తుంది. పెట్రోలు బోటు ఒక ట్యాంకుతో పావుగంట తిరుగుతుంది. చేయి కుదరాలంటే నీటి మీద గడిపే సమయం కావాలి. ఆ సమయాన్ని చవగ్గా ఇచ్చేది పెట్రోలే.

మిథనాల్ గురించి గట్టిగా చెప్పాల్సింది ఇంకొకటుంది. పగటి వెలుగులో దాని మంట కంటికి కనపడదు. కడుపులోకి పోతే చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు. చర్మం గుండా కూడా ఒంట్లోకి ఎక్కుతుంది. మంచినీళ్ల సీసాలో పోసి ఇంట్లో పెట్టేవాళ్లు దయచేసి ఈ ఆటకు దూరంగా ఉండండి. తాళం వేసే చోటు లేని ఇంట్లో నైట్రోకు చోటు లేదు.

పెట్రోలు పక్షం వహిస్తున్నాను కదా అని దాని తప్పు దాచను. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఒక కొలజాడీలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు తీసుకుని, 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, బాగా కుదిపి నిలకడగా పెట్టి చూడండి. అడుగున 10 ఉండాల్సిన నీటి పొర 30 దరిదాపుకు పెరుగుతుంది. ఇథనాల్ పెట్రోలును వదిలి నీటితో కలిసి కిందికి దిగిపోయింది. బోటు ట్యాంకులోకి నీళ్లు చేరినా ఇదే జరుగుతుంది. ఆయిల్ పైన పెట్రోలు పొరలోనే ఉండిపోతుంది. ట్యాంకులో ఇంధనం పీల్చే గొట్టం చివర బరువు అడుగున కూర్చుని, ఆయిల్ లేని ఆ నీళ్ల ఇథనాల్‌ను ఇంజన్‌కు పంపిస్తుంది. పిస్టన్ గీతలు పడడానికి అది చాలు. పైగా ఇథనాల్ కార్బ్యురేటర్‌లోని రబ్బరు పొరలను గట్టిపరుస్తుంది. అందుకని ఏ వారం పెట్రోలు ఆ వారమే కొనాలి, సాయంత్రం ట్యాంకు ఒంపేయాలి, కార్బ్యురేటర్ ఖాళీ అయ్యేదాకా ఇంజన్ తిప్పి ఆపాలి. రబ్బరు పొరల కిట్ ఒకటి ఎప్పుడూ పెట్టెలో ఉండాలి.

బాగుచేయించుకోవడం దగ్గర మాత్రం పెట్రోలుకు ఎదురు లేదు. మోడల్ బోట్లలో ఎక్కువగా కనిపించే జపాన్ జెనోవా ఇంజన్లు, వాటిని చూసి చైనాలో చేస్తున్న నకళ్లు, అన్నీ గడ్డి కోసే బ్రష్ కట్టర్ ఇంజన్ల వంశానివే. హెడ్‌కు నీటి జాకెట్ తొడిగి, ట్యూన్డ్ పైపు (బలం పెంచే పొగగొట్టం) తగిలించి బోటుకు మార్చారు. గుంటూరు మిర్చి రైతు వీపున మోసే తైవాన్ స్ప్రేయర్‌లో ఉండేదీ దాదాపు 26 సీసీ టూ స్ట్రోక్ ఇంజనే. వాటిని రోజూ విప్పి బిగించే మెకానిక్కులు పల్లెపల్లెనా ఉన్నారు. రింగులు, సీళ్లు, బేరింగులు, కాయిల్ మధ్య సందు, వీటిలో ఏదీ వాళ్లకు కొత్త కాదు.

నైట్రో ఇంజన్ ఎదురైతే అదే చెయ్యి తడబడుతుంది. బెజవాడ ఆటోనగర్‌లో అనుభవమున్న ఒక మెకానిక్కు నా 3.5 సీసీ ఇంజన్ చూపించాను. గ్లో ప్లగ్‌ను తిప్పి తిప్పి చూసి, “దీనికి వైరు ఎక్కడ తగిలిస్తారు బాబూ?” అని అడిగాడు. తర్వాత ఫ్లైవీల్ పట్టుకుని నెమ్మదిగా తిప్పాడు. పిస్టన్ పైకి చేరగానే బిగిసిపోయింది. “పట్టేసింది, రుద్దాలి” అంటూ ఎమెరీ కాగితం అందుకోబోయాడు. “వద్దన్నా, అది అలాగే ఉండాలి” అని ఆపాల్సి వచ్చింది. ఇలాంటి చిన్న నైట్రో ఇంజన్ పిస్టన్‌కు రింగు ఉండదు. అల్యూమినియం పిస్టన్, క్రోమియం పూత వేసిన ఇత్తడి గొట్టం. ఆ గొట్టం పైభాగం కొద్దిగా సన్నబడి ఉంటుంది. ఇంజన్ వేడెక్కాక ఇత్తడి ఎక్కువగా సాగి, సందు సరిగ్గా కుదురుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ బిగువు ఉంటేనే ఇంజన్‌లో ప్రాణం ఉన్నట్టు. ఆయనకు విడమరిచి చెబితే శ్రద్ధగా విన్నాడు, మెచ్చుకున్నాడు కూడా. ఆయన పనితనానికి లోటేమీ లేదు, ఈ జాతి ఇంజన్ మన ఊళ్లోకి ఎప్పుడూ రాలేదంతే. నైట్రో కొన్నవాడు తన మెకానిక్ తానే కావాలి.

ఇక నీళ్లు. ప్రకాశం బ్యారేజీ ఎగువన నిండుగా ఉన్న కృష్ణను చూస్తే బోటు దింపాలని ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. దింపకండి. పర్యాటకుల బోట్లు, ఘాట్లలో స్నానం చేసేవాళ్లు, చేపల పడవలు ఉండే చోట ఎనిమిది కిలోల బోటు దూసుకుపోతే ప్రాణం తీస్తుంది. పల్లెల్లో మంచినీటి చెరువుల జోలికి, ఉప్పలపాడు లాంటి పక్షుల చెరువుల జోలికి అసలే పోకూడదు. రొయ్యల చెరువులో ఇంధనం చుక్క పడినా రైతుకు అన్యాయం. మిగిలేవి సాగు లేక వదిలేసిన చేపల చెరువులు, అనుమతి దొరికిన సాగునీటి చెరువులు.

నైట్రో గెలిచే చోటు ఇక్కడే. మన చేతికి వచ్చే చెరువులు ఎక్కువగా చిన్నవి. మీటరు దాటిన పెట్రోలు బోటు అందులో వేగం అందుకునేలోపే గట్టు వచ్చేస్తుంది. 70 సెంటీమీటర్ల నైట్రో బోటు అదే చెరువులో నిండు వేగంతో మలుపులు తిరుగుతుంది. మీకు దొరికే చెరువు ఎకరం, రెండెకరాలే అయితే నా తీర్పును పక్కనపెట్టి నైట్రో వైపు చూడండి. అయితే ఒక షరతు. నైట్రో ఇంధనంలో ఆయిల్ 16 నుంచి 20 శాతం ఉంటుంది. లీటరు కాలిస్తే సుమారు 180 మిల్లీలీటర్ల ఆయిల్ పొగగొట్టం గుండా బయటికి పోతుంది, అందులో ఎక్కువ భాగం నీళ్ల మీదే తేలుతుంది. పెట్రోలు మిశ్రమంలో ఆ లెక్క 40 మిల్లీలీటర్ల లోపే. చిన్న చెరువులో రోజంతా నైట్రో బోట్లు తిరిగితే సాయంత్రానికి నీటి మీద రంగులు కనపడతాయి.

డెల్టా కాలువలకు పట్టిన గుర్రపుడెక్క రెండు బోట్లకూ శత్రువే, పెట్రోలు బోటుకు ఇంకా ఎక్కువ. చుక్కాని దగ్గర నీళ్లు లాగే రంధ్రంలో ఒక వేరు ముక్క ఇరుక్కుంటే హెడ్‌కు నీళ్లు ఆగిపోతాయి. మిథనాల్ ఆవిరి అయ్యేటప్పుడు చాలా వేడి లాక్కుంటుంది కాబట్టి నైట్రో ఇంజన్ కొద్దిసేపు ఓర్చుకుంటుంది. పెట్రోలు ఇంజన్‌కు ఆ ఓర్పు లేదు. మే నెల ఎండలో అయితే ఒక్క రౌండులోనే పట్టేస్తుంది. బోటు పక్క నుంచి నీటి ధార చిమ్ముతోందా అని ప్రతి మలుపులో చూసుకోవడం అలవాటు చేసుకోవాలి.

బోల్తా పడి నీళ్లు మింగితే నైట్రో త్వరగా కోలుకుంటుంది. ప్లగ్ తీసి, బోల్తా కొట్టించి తిప్పి, కొత్త ఇంధనం పోసి మళ్లీ తిప్పితే మిథనాల్ మిగిలిన నీటిని కలుపుకుని బయటికి తెస్తుంది. కానీ ఆ రాత్రి వేరే ఆయిల్ వేసి పెట్టకపోతే తెల్లారేసరికి బేరింగులు తుప్పు. మన కృష్ణాతీరపు ఉక్కపోతలో నైట్రో ఇంధనం గాలిలోని తేమనూ తాగేస్తుంది. డబ్బా మూత వదులుగా ఉంటే ఆ ఇంధనం మీద ఆశ వదులుకోవడమే. పెట్రోలు ఇంజన్‌కు ఈ రోజువారీ సేవ తక్కువ. అది కోరేది రేడియో జాగ్రత్త. స్పార్క్ నుంచి పుట్టే అలజడి సిగ్నల్‌ను చెడగొట్టకుండా రెసిస్టర్ ఉన్న ప్లగ్గే వాడాలి, రిసీవర్‌ను కాయిల్‌కు దూరంగా పెట్టాలి. సిగ్నల్ పోతే థ్రాటిల్ దానంతట అదే మూసుకునే ఏర్పాటు రెండింటికీ తప్పనిసరి.

పందెంలో ఈ రెండూ ఎదురెదురు పడవు. ఎక్కడైనా సీసీని బట్టి తరగతులు వేరు. అమెరికాలో నాంబా, ఐఎంపీబీఏ అనే మోడల్ బోటు సంస్థల పోటీల్లో కోలాకారపు దారిలో కుడివైపు మలుపులు తిరుగుతారు, ఆరు చుట్లకు ఒక మైలు. యూరప్‌లో నావిగా వారి ఓర్పు పందేల దారి ఇంగ్లిష్ ఎం అక్షరం ఆకారంలో ఉంటుంది. అక్కడ ఎన్ని చుట్లు పూర్తిచేశారన్నదే లెక్క. మన దగ్గర నలుగురు కలిసి ఆడుకోవాలంటే ఆ నలుగురూ ఒకే రకం ఇంజన్ కొనాలి. ఇద్దరు నైట్రో, ఇద్దరు పెట్రోలు కొంటే పందెం జరగదు. కొనేముందు స్నేహితులతో మాట్లాడుకోండి.

పాతది కొంటున్నారా? నైట్రో ఇంజన్ అయితే ప్లగ్ బిగించి, చల్లగా ఉండగా చేత్తో తిప్పండి. పైన బిగువు తగలకపోతే డబ్బు ఇవ్వకండి. గరగర వినపడితే బేరింగులు పోయినట్టు. పెట్రోలు ఇంజన్ అయితే పొగగొట్టం విప్పించి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ పక్కను చూడండి. నిలువు గీతలు లేకుండా నున్నగా ఉండి, తాడు లాగినప్పుడు చేతిని గట్టిగా వెనక్కు గుంజితే బేరం మొదలుపెట్టవచ్చు.